పార్కులో కనబడిన ఆ పెద్ద చిమ్మట ఏదో తేల్చుకోవడం ఎలా

పార్కులో చెట్టు మానుకో, లైటు స్తంభం పక్కన గోడకో అరచెయ్యంత చిమ్మట అతుక్కుని కనబడితే ఎవరైనా ముందు ఫోన్ తీసి ఫోటో కొడతారు, తర్వాత దాన్ని తెలిసినవాళ్లకి పంపి "ఇదేంటి ఇంతుంది?" అని అడుగుతారు. అవతలి నుంచి వచ్చే జవాబు కూడా రెడీగా ఉంటుంది, అట్లాస్ మాత్ అని. పెద్ద చిమ్మటల్లో జనానికి తెలిసిన పేరు అదొక్కటే కాబట్టి గోధుమ రంగులో పెద్దగా ఏది కనబడినా అట్లాస్ అయిపోతుంది. ఒక్కోసారి నిజంగా అదే అవుతుంది, చాలాసార్లు కాదు. మన కళ్లని లాగేది సైజే, మనకి గుర్తుండేది సైజే, ఎవరినైనా అడిగేటప్పుడు ముందు చెప్పేది కూడా సైజే, తీరా పేరు తేల్చే పని దగ్గరికొచ్చేసరికి అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది ఆ సైజే. అందుకే ఫోటోలో ఇంకేం చూడాలి, ఏ వరసలో చూడాలి అనేది కాస్త వివరంగా చెప్తా.

అసలు పెద్ద అంటే ఏ లెక్కన పెద్ద అనేది కూడా తేలని విషయమే. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలిస్తే అన్నిటికన్నా వెడల్పైంది తైసానియా అగ్రిపినా, దాన్ని వైట్ విచ్ అంటారు, మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉంటుంది, 28 సెంటీమీటర్లు దాటినవి దొరికాయి. రెక్కల వైశాల్యం తీసుకుంటే ఫస్ట్ ప్లేసు న్యూగినీలోను, ఉత్తర ఆస్ట్రేలియాలోను ఉండే హెర్క్యులిస్ మాత్‌ది, సుమారు 300 చదరపు సెంటీమీటర్లు అంటారు. బరువు చూస్తే ఈ రెండూ పక్కకి తప్పుకోవాలి, ఆస్ట్రేలియాలోని జెయింట్ వుడ్ మాత్ ఆడది 30 గ్రాముల దాకా తూగుతుంది, అంత బరువుతో ఎగరడమే కష్టం కాబట్టి ఎక్కడ బయటికొచ్చిందో దాదాపు ఆ చుట్టుపక్కలే ఉండిపోతుంది. ఇక మన అట్లాస్ 24, 25 సెంటీమీటర్ల దాకా పోతుంది. ఇందులో హెర్క్యులిస్, అట్లాస్ రెండూ సాటర్నిడే కుటుంబం, వైట్ విచ్ ఎరిబిడే, వుడ్ మాత్ కాసిడే. అంటే వేరువేరు కుటుంబాలు ఎవరి దారిన వాళ్లు పెద్దవైపోయాయి, ఒకదానికొకటి దగ్గర చుట్టరికం కూడా లేదు. "చాలా పెద్దది" అని మీరు చెప్తే ఎదుటివాళ్లకి కుటుంబం కూడా తెలీదు, ఇక జాతి ఎక్కడ తెలుస్తుంది.

కొలతలో ఇంకో తిరకాసుంది. పుస్తకాల్లో రాసే రెక్కల వెడల్పు చాలావరకు మ్యూజియం నమూనాల మీద కొలిచింది. చనిపోయిన చిమ్మటని బోర్డు మీద పెట్టి, ముందు రెక్కల వెనకంచు ఒంటికి అడ్డంగా తిన్నగా వచ్చేలా పైకి లాగి, పిన్నులు గుచ్చి ఆరబెడతారు. బతికున్నది అలా కూర్చోదు. కొన్ని రెక్కలు వెనక్కి జారవిడిచి కూర్చుంటాయి, కొన్ని బల్లపరుపుగా పరుస్తాయి, కొన్ని సగం మూస్తాయి. కాబట్టి మీరు గోడ మీద కొలిచిన 14 సెంటీమీటర్లు, పుస్తకంలో 17 అని ఉన్నది ఒకే జాతివి కావచ్చు. కొలవాలనుంటే ఒక ముందు రెక్క పొడవు కొలవండి, ఒంటికి అతుక్కున్న చోటు నుంచి కొస దాకా, కూర్చునే తీరు మారినా అది మారదు. స్కేలు లేకపోతే పక్కన ఒక నాణెమో పెన్నో పెట్టి ఫోటో తీస్తే చాలు, తర్వాత ఇంటికెళ్లి లెక్కేసుకోవచ్చు. ఏదీ పెట్టకుండా బాగా దగ్గర నుంచి తీసిన ఫోటోలో మాత్రం బొటనవేలంత పురుగు కూడా గబ్బిలమంత కనబడుతుంది, దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

సైజు గురించి ఇంకొక్క మాట. చిన్న చిమ్మట పెరిగి పెద్ద చిమ్మట అవుతుందని చాలామంది అనుకుంటారు, "ఇది బాగా ముసలిదేమో, అందుకే ఇంత పెరిగింది" అనే కామెంట్లు ఎన్నో చూశాను. రెక్కలొచ్చాక ఏ చిమ్మటా ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. పెరుగుదలంతా గొంగళి పురుగుగా ఉన్నప్పుడే, ఆకులు తిన్నంత తిని, చర్మాలు విడిచి, గూడు కట్టుకుని, అందులోంచి ఏ సైజులో బయటికొస్తే ఆ సైజే చివరి దాకా. ఒకే జాతిలో ఒకటి పెద్దగా ఇంకోటి చిన్నగా ఉందంటే పురుగుగా ఉన్నప్పుడు దొరికిన తిండిలోనో, సీజన్‌లోనో, ఆడా మగా అనేదానిలోనో తేడా. ఈ పెద్ద చిమ్మటల్లో మామూలుగా ఆడదే పెద్దది, పొట్ట నిండా గుడ్లుంటాయి మరి.

సరే, ముందు అది చిమ్మటేనా సీతాకోకచిలుకా అనేది. దీనికి ఎక్కువ టైం అక్కర్లేదు, మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసం సన్నటి పుల్లలా ఉండి చివర చిన్న ముడిలా ఉబ్బి ఉంటుంది, చిమ్మట మీసం ఈకలా ఉంటుంది లేదా ఉత్త దారంలా చివరికి సన్నబడిపోతుంది. దీనికీ మినహాయింపులు లేకపోలేదు, కాస్ట్నిడే అనే చిమ్మటలకి మీసం చివర ఉబ్బే ఉంటుంది, పైగా పగలే ఎగురుతాయి, కానీ అవి ఉండే చోట్లు తక్కువ. రెక్కలు పరిచి కూర్చుంటే చిమ్మట, మూసి కూర్చుంటే సీతాకోకచిలుక అనే రూలు మాత్రం నమ్మొద్దు, ఎండ కాచుకునే సీతాకోకచిలుకలు చాలా వరకు రెక్కలు పరిచే కూర్చుంటాయి. రంగుని బట్టి చెప్పడం కూడా అంతే. ప్రపంచంలో చిమ్మటలు దాదాపు 1,60,000 జాతులు, సీతాకోకచిలుకలు 18,000 దాకా, అంత పెద్ద గుంపులో అన్నీ మట్టి రంగులోనే ఉంటాయని ఎలా అనుకుంటాం.

చిమ్మటే అని తేలాక అసలు పని మొదలవుతుంది. నేనైతే రంగు జోలికే పోను, ముందు ఆకారం చూస్తాను. పార్కుల్లో జనాన్ని ఆపేసే పెద్ద చిమ్మటలు దాదాపు మూడు గుంపుల్లోంచి వస్తాయి. రెక్కలు వెడల్పుగా, దుప్పటి ఆరేసినట్టు పరుచుకుని, ఒళ్లు బొద్దుగా బొచ్చుగా, తల చిన్నగా, మీసాలు ఈకల్లా ఉంటే సాటర్నిడే, అంటే అడవి పట్టు చిమ్మటలు. రెక్కలు సన్నగా కోసుగా, ఒళ్లు రెండు వైపులా మొనదేలి గట్టిగా ఉంటే హాక్ మాత్, అది స్ఫింజిడే. వెడల్పు రెక్కలే కానీ ఒళ్లు సన్నంగా, మీసం దారంలా, రెక్కల నిండా చెట్టు బెరడు మీద గీతల్లాంటి డిజైన్ ఉంటే ఎరిబిడే అయ్యే చాన్సు ఎక్కువ. ఈ మూడిట్లో పడనివి కూడా ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

సాటర్నిడే దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే. వీటి రెక్కల్లో చూడాల్సింది పొలుసుల్లేని చోట్లు. చిమ్మట రెక్క అంటే పల్చటి పారదర్శకమైన పొర, దానిమీద రంగు పొలుసులు పెంకుల్లా పరుచుకుని ఉంటాయి, మీ వేలికి పొడిలా అంటుకునేవి అవే. సాటర్నిడేలో చాలావాటికి ప్రతి రెక్క మధ్యలో ఒక చోట ఆ పొలుసులు ఉండవు, అక్కడ రెక్క అద్దం ముక్కలా అవతలి వైపు కనబడేలా ఉంటుంది. ఆ కిటికీ ఏ ఆకారంలో ఉందో చూస్తే చాలావరకు ప్రజాతి దాకా, అంటే దగ్గర జాతుల గుంపు దాకా తేలిపోతుంది. అట్లాస్‌లో అది త్రికోణం, ముందు రెక్క మీద పెద్ద త్రికోణం పక్కనే ఒక్కోసారి ఇంకో చిన్నది కూడా ఉంటుంది. ఈరీ పట్టు చిమ్మట ఉండే సామియాలో నెలవంక, సన్నగా వంగి ఉంటుంది. దసలి పట్టు చిమ్మట ఉండే ఆంథీరియాలో గుండ్రంగా, చుట్టూ రంగు రింగులతో అచ్చం కన్నులా. ఫోటోని జూమ్ చేసి ఈ ఒక్కటి చూసుకుంటే సగం గొడవ వదిలిపోతుంది.

అట్లాస్ అనగానే అందరూ చెప్పేది ముందు రెక్క కొసలో పాము తల. కొస ముందుకి వంగి, అంచు పసుపు గులాబీ కలిసిన రంగుల్లో, నల్ల చుక్క కన్నులా ఉండి, పక్క నుంచి చూస్తే నాగుపాము తలలా అనిపించే మాట నిజమే, పిట్టల్ని భయపెట్టడానికే అలా ఉందని చాలామంది నమ్ముతారు. కానీ ఆ వంపు, ఆ చుక్క సామియాకి కూడా ఉన్నాయి, ఇంకా దగ్గర బంధువులు చాలావాటికి ఉన్నాయి. కాబట్టి పాము తల కనబడింది కదాని అట్లాస్ అనేస్తే కుదరదు. సామియా అట్లాస్‌లో సగం సైజు, ఆలివ్ గోధుమ రంగు, నాలుగు రెక్కల మీదా నెలవంకలు. ఈరీ పట్టు ఇచ్చేది ఈ సామియా ప్రజాతిలోదే, పెంపకంలో చాలా చోట్లకి తీసుకెళ్లారు కాబట్టి పెంచిన చోటు నుంచి తప్పించుకుని పార్కులో తేలడం వింతేం కాదు. ఇంకోటి ఆర్కియోఅటాకస్ ఎడ్వర్డ్సి, హిమాలయాల తూర్పు వైపు నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది, సైజులో అట్లాస్‌కి సరిజోడు, రంగు ముదురు చాక్లెట్, పొట్ట మాత్రం తెల్లగా ఉంటుంది. పొట్ట కనబడకుండా రెక్కలొక్కటే తీసిన ఫోటో అయితే ఈ తేడా దొరకదు.

అసలు అట్లాస్ లోపల కూడా ఒక తేడా ఉంది. జీవులకి శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో పేరు పెట్టింది అటాకస్ అట్లాస్‌కి. దక్షిణ భారతదేశంలో, శ్రీలంకలో ఉండేది అటాకస్ టాప్రోబానిస్, చూడ్డానికి దాదాపు అలానే ఉంటుంది, ఒకప్పుడు రెండిటినీ ఒకటే అనుకున్నారు కూడా. ఫిలిప్పీన్స్‌లో అటాకస్ సీజర్ అని ఇంకోటి. ఉత్త ఫోటో చూసి వీటిని విడదీయడం కన్నా ఎక్కడ కనబడిందో చూసి చెప్పడమే తేలిక. అందుకే ఎవరికైనా ఫోటో పంపేటప్పుడు ఊరు, తేదీ రాయకుండా పంపితే సగం సమాచారం దాచిపెట్టినట్టే.

ఈకల మీసాల వల్ల ఇంకో ఉపయోగం ఉంది, ఆడా మగా తెలుస్తుంది. మగదాని మీసం వెడల్పుగా, పళ్లు పొడుగ్గా దట్టంగా ఉంటాయి, ఆడదాని మీసం సన్నగా ఉంటుంది. కారణం వాసన. ఆడది ఒక చోట కూర్చుని ఫెరోమోన్ వదులుతుంది, మగది గాల్లో ఆ వాసన జాడ పట్టుకుని చాలా దూరం నుంచి వస్తుంది, మీసం ఎంత విప్పారితే అన్ని అణువులు తగులుతాయి. ఫ్రాన్స్‌లో ఫాబ్ర్ అనే కీటక శాస్త్రవేత్త ఒక మే నెల రాత్రి దీన్ని కళ్లారా చూశాడు, గూట్లోంచి అప్పుడే బయటికొచ్చిన గ్రేట్ పీకాక్ అనే పెద్ద చిమ్మట ఆడదాన్ని బోనులో పెడితే దాదాపు 40 మగవి ఇంటి మీద పడ్డాయి. ఆ వాసన అసలేంటో తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది, మల్బరీ పట్టు చిమ్మట మీద పనిచేసిన అడాల్ఫ్ బ్యూటెనాంట్ 1959లో బాంబికాల్ అనే రసాయనాన్ని బయటపెట్టాడు, అందుకోసం వాడిన ఆడ చిమ్మటలు సుమారు ఐదు లక్షలు. ఒక్కోదానిలో ఉండేది అంత కొంచెం అన్నమాట. ఇక్కడ మన పనికొచ్చే సంగతేంటంటే, ఒకే జాతిలో ఆడా మగా రంగులో చాలా తేడాగా ఉండొచ్చు. దసలి చిమ్మటలో మగది ఎక్కువగా ఇటుక ఎరుపు గోధుమ, ఆడది పసుపో బూడిద రంగో, రెండూ పక్కపక్కన పెడితే వేరే జాతులనుకుంటారు. రెండిటికీ కలిసేది ఆ గుండ్రటి కిటికీలే.

లేతాకుపచ్చగా, వెనక రెక్కలకి పొడుగు తోకలతో ఉన్నది కనబడితే మాత్రం పెద్దగా తలపట్టుకోనక్కర్లేదు, అది మూన్ మాత్, యాక్టియాస్. ఆసియాలో యాక్టియాస్ సెలీనీ, ఒళ్లు తెల్లగా, ముందు రెక్క పై అంచు ముదురు ఎరుపు. ఉత్తర అమెరికాలో యాక్టియాస్ లూనా. మడగాస్కర్ కామెట్ మాత్ తోకలైతే 15 సెంటీమీటర్ల దాకా పోతాయి. ఈ తోకలు అందం కోసం అనుకునేవాళ్లు, 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో అసలు పనేంటో కనబడింది. ఎగిరేటప్పుడు మెలికలు తిరిగే తోక కొసలు గబ్బిలం సోనార్‌ని, అంటే అది వేట కోసం వదిలే శబ్దాల్ని తమ వైపు తిప్పుకుంటాయి, గబ్బిలం వచ్చి తోకని కొరుకుతుంది, ఒళ్లు తప్పించుకుంటుంది. కాబట్టి తోక తెగిన మూన్ మాత్ కనబడితే అది తోకల్లేని వేరే జాతి అనుకోకండి, అంచు చూస్తే చిరిగిందో పుట్టుకతోనే అంతో తెలుస్తుంది.

హాక్ మాత్‌ల విషయంలో ఆకారమే చెప్పేస్తుంది కాబట్టి కుటుంబం పట్టడం తేలిక, జాతి దగ్గర చూడాల్సింది పొట్ట, వీపు. పొట్ట రెండు పక్కలా గులాబీ పట్టీలు, రెక్కలు బూడిద రంగు అయితే అగ్రియస్ కన్వాల్వులి. మిలిటరీ యూనిఫాం లాంటి ఆకుపచ్చ డిజైన్ అయితే గన్నేరు ఆకులు తినే డాఫ్నిస్ నీరియై. వీపు మీద పుర్రె బొమ్మలా ఉండి, పొట్ట పసుపు పట్టీలతో ఉంటే డెత్స్ హెడ్, అకెరోంటియా. ఇందులో మూడు జాతులు, యూరప్, ఆఫ్రికాల్లో ఒకటి, ఆసియాలో స్టిక్స్, లాకెసిస్ అని రెండు. ముట్టుకుంటే కీచుమని అరుస్తుంది, నిజంగానే, గొంతులోంచి గాలిని తోసి శబ్దం చేస్తుంది. పుర్రె, అరుపు రెండూ కలిసేసరికి యూరప్‌లో దీన్ని అపశకునం అనేవాళ్లు, పాపం అది చేసే నేరం ఏమైనా ఉంటే తేనెపట్టులో దూరి తేనె తాగడమే. హాక్ మాత్‌లకీ సాటర్నిడేకీ ఇంకో పెద్ద తేడా తిండి. హాక్ మాత్‌లు చాలావాటికి చుట్టలా మడుచుకునే పొడవాటి తొండం ఉంటుంది, పూల ముందు గాల్లో నిలబడి తేనె తాగుతాయి. అట్లాస్‌కి, మూన్ మాత్‌కి పనిచేసే నోరే లేదు, పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే వారం, మహా అయితే రెండు వారాలు బతుకుతాయి. కాబట్టి పువ్వు మీద తాగుతూ కనబడిన పెద్ద చిమ్మటని అట్లాస్ అనడానికి లేదు.

ఎరిబిడేలో వైట్ విచ్ అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండదు. అక్కడే బ్లాక్ విచ్ అని ఇంకోటి ఉంటుంది, అస్కలాఫా ఒడొరాటా, చీకట్లో ఎగురుతుంటే గబ్బిలం అనుకుంటారు, ముందు రెక్క మీద కామా ఆకారంలో మచ్చ దాని గుర్తు. ఆసియా, ఆఫ్రికాల్లో ఎరెబస్ ప్రజాతివి ఉంటాయి, ముందు రెక్క మీద సుడి తిరిగిన పెద్ద కన్ను ఒకటి, రెక్కలన్నిటి మీదుగా అలలు అలలుగా గీతలు, గోడ మీద రెక్కలు పరుచుకుని కూర్చుంటే గుడ్లగూబ మొహంలా ఉంటుంది. చాలామంది దీన్ని కూడా అట్లాస్ అంటారు, కిటికీలు లేవు, మీసాలు ఈకల్లా లేవు, అయినా సరే. యూడొసిమా అని పండ్లకి తొండంతో బెజ్జం పెట్టి రసం పీల్చేది ఉంది, ముందు రెక్కలు మూసుకుని ఉన్నంతసేపు ఎండుటాకు, కదిలిందంటే కింద నుంచి నారింజ రంగు వెనక రెక్కలు మెరుస్తాయి.

మూడు గుంపుల్లో పడనివి ఉన్నాయన్నా కదా, వాటిలో లిస్సా జంపా ఒకటి, యురానిడే కుటుంబం, గోధుమ రంగు రెక్కల మీద అడ్డంగా ఒకే తెల్లటి గీత, చిన్న తోకలు. ఆగ్నేయాసియాలో ఉంటుంది, 2014లో సింగపూర్‌లో ఒక్కసారిగా వందల్లో కనబడి అపార్ట్‌మెంట్ల లైట్ల చుట్టూ చేరితే జనం కంగారుపడ్డారు. ఇంకోటి బ్రహ్మీయా, రెక్కల మీద దగ్గరదగ్గరగా సన్నటి అల గీతలు, వేలిముద్రని పెద్దది చేసి చూసినట్టుంటుంది, ఒకసారి చూస్తే మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

ఇంతకీ రాత్రి ఎగిరే చిమ్మట పట్టపగలు పార్కులో కదలకుండా ఎందుకు కూర్చుంటుంది, దెబ్బ తగిలిందా, చచ్చిపోతోందా అని అడుగుతారు. ఎక్కువసార్లు జవాబు లైటు. రాత్రి లైటు దగ్గరికొచ్చి చుట్టూ తిరిగి అలిసిపోయి తెల్లారేసరికి దగ్గర్లో ఏది దొరికితే దానికి అతుక్కుంటుంది. చంద్రుడనుకుని లైటు వైపు పోతాయని చాలాకాలం చెప్పుకున్నారు, 2024లో వచ్చిన ఒక పరిశోధన హైస్పీడ్ కెమెరాలతో చూసి వేరే కారణం చెప్పింది. పురుగులు ఎగిరేటప్పుడు వీపుని వెలుతురు వైపు పెట్టుకుంటాయి, మామూలుగా రాత్రి ఆకాశమే కాస్త వెలుతురుగా ఉంటుంది కాబట్టి అలా చేస్తే నిటారుగా ఎగురుతాయి, పక్కన బల్బు ఉంటే వీపు దానివైపు తిప్పుతూ తిప్పుతూ దాని చుట్టూనే ఇరుక్కుపోతాయి. రెండో కారణం, అది గూట్లోంచి అప్పుడే వచ్చి ఉండొచ్చు. బయటికొచ్చినప్పుడు రెక్కలు నలిగి ముద్దగా ఉంటాయి, వాటిలోకి ద్రవం పంపి విప్పుకోవడానికి, తర్వాత గట్టిపడడానికి గంటలు పడుతుంది, ఈలోగా ఎక్కడైనా వేలాడుతూ ఉండాలి. చుట్టుపక్కల కొమ్మల్లో ఖాళీ పట్టుగూడు కనబడితే అదీ సంగతి, ఆ గూడు, ఆ చెట్టు కూడా ఫోటో తీయండి, ఏ చెట్టు ఆకులు తిందో తెలిస్తే గుర్తింపుకి బాగా పనికొస్తుంది. మూడోది, నిజంగానే ఆయుష్షు అయిపోవడం. రెక్కల అంచులు చిరిగి, పొలుసులు రాలి, రంగు వెలిసిపోయి ఉంటే ఇదే. ఇలాంటి ముసలిదాన్ని పుస్తకంలో నిగనిగలాడే బొమ్మతో పోల్చి "రంగు కలవలేదు, వేరే జాతి" అనేవాళ్లున్నారు. అందుకే ముందే చెప్పా, రంగుని చివర్లో చూడండి.

యాప్‌ల సంగతి కూడా చెప్పాలి. ఐనాచురలిస్ట్, గూగుల్ లెన్స్ లాంటివి బాగానే పనిచేస్తాయి, కానీ అవి చేసేది పోలిక వెతకడం. ఎక్కువ ఫోటోలు దొరికే జాతిని అవి తొందరగా సూచిస్తాయి, అట్లాస్‌కి ఫోటోలు కొల్లలు కాబట్టి అటు మొగ్గే చాన్స్ ఉంటుంది. ఐనాచురలిస్ట్‌లో స్థలం పెడితే ఆ చుట్టుపక్కల ఏవి కనబడ్డాయో కూడా లెక్కలోకి తీసుకుంటుంది, తర్వాత తెలిసిన మనుషులు చూసి సరిదిద్దుతారు, నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను. ఒక్క ఫోటోతో సరిపెట్టొద్దు, పై నుంచి నిలువుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, మీసాలు దగ్గరగా ఒకటి, వీలైతే రెక్కల అడుగు భాగం ఒకటి. ఫ్లాష్ వేస్తే పొలుసులు మెరిసి డిజైన్ పోతుంది, నీడలో మామూలు వెలుతురు చాలు. జాతి దాకా తేలకపోతే అటాకస్ దగ్గరో ఎరెబస్ దగ్గరో ఆపేయండి, తప్పు జాతి పేరు పెట్టడం కంటే సరైన ప్రజాతి పేరు దగ్గర ఆగడం ఎంతో నయం.

ఒక జాతి ఎక్కడ కనబడిందనేది ఎంత ముఖ్యమో 2022లో అమెరికాలో చూశారు. వాషింగ్టన్ రాష్ట్రం బెల్‌వ్యూలో ఒక ఇంటి గ్యారేజ్ దగ్గర జులైలో పెద్ద చిమ్మట కనబడింది, పరీక్షిస్తే అట్లాస్ అని తేలింది, ఆ దేశంలో ధ్రువీకరించిన మొదటి అట్లాస్ అదే. ఆసియాలో అయితే చూసి మురిసిపోయి ఊరుకునే పురుగు, అక్కడ ఫెడరల్ క్వారంటైన్ చీడల జాబితాలో, అంటే దేశంలోకి రానివ్వకూడని చీడల్లో ఉన్నది, బతికున్నవాటిని పర్మిట్ లేకుండా పెంచడం, అమ్మడం చట్టవిరుద్ధం. ఇంకా ఎక్కడైనా కనబడితే ఫోటో తీసి చెప్పమని రాష్ట్ర వ్యవసాయ శాఖ జనాన్ని అడిగింది. కాబట్టి మీ ఏరియాలో ఉండకూడని జాతి అనిపిస్తే "పొరపాటు పడ్డానేమో" అని వదిలేయకుండా స్థానిక వ్యవసాయ శాఖకో యూనివర్సిటీ కీటక శాస్త్ర విభాగానికో పంపండి, అయితే ముందు ఆ కిటికీ, మీసం ఇంకోసారి చూసుకోండి.

ముట్టుకోవచ్చా అంటే, పైన చెప్పిన పెద్ద చిమ్మటలు కుట్టవు, ఇక అట్లాస్ లాంటి నోరే లేనివి కరిచేదెక్కడ. రెక్కల పొడి విషం కాదు, కాకపోతే కొంతమందికి పొలుసులు పడక తుమ్ములు, దురద రావచ్చు. దక్షిణ అమెరికాలో హైలీసియా అనే చిన్న సాటర్నిడే చిమ్మట ఉంది, దాని ఆడదాని పొట్ట వెంట్రుకలు చర్మాన్ని మండిస్తాయి, అదే ఖండంలో లొనోమియా గొంగళి పురుగు ముళ్లు గుచ్చుకుంటే రక్తస్రావమై మనుషులు చనిపోయిన కేసులున్నాయి. ఏ దేశమైనా సరే, పేరు తెలీని బొచ్చు పురుగుని వేలితో ముట్టుకోకూడదు. రెక్కల చిమ్మట దారి మధ్యలో ఉంటే ఒక పుల్ల దాని కాళ్ల ముందు పెట్టండి, అదే ఎక్కుతుంది, తీసుకెళ్లి చెట్టు నీడలో పెట్టేయండి. రెక్క పట్టుకుని ఎత్తితే పొలుసులు రాలిపోతాయి, మళ్లీ రావు. అట్లాస్, మూన్ మాత్ లాంటివాటికి నీళ్లు, తేనె పెట్టి కాపాడాలని చూడొద్దు, నోరు లేనిదానికి ఏం పెట్టినా లాభం లేదు. ఆడదైతే మీ కళ్లముందే గోడ మీద గుడ్లు పెట్టొచ్చు కూడా, అట్లాస్ గుడ్లు సుమారు రెండు వారాల్లో పగులుతాయి, వాటిని ఆకులున్న చెట్టు దగ్గరికి చేర్చితే పిల్లలకి తిండి దొరుకుతుంది.

చనిపోయింది దొరికితే పారేయకండి. ఫోటోలతో ఎంత కొట్టుకున్నా తేలని జాతులు ఉంటాయి, రెక్కల్లో నరాల అమరిక, పొట్ట చివర జననాంగాల నిర్మాణం మైక్రోస్కోప్ కింద చూస్తే తప్ప నిపుణులు కూడా చెప్పలేరు. రెక్కలు వీపు మీదికి మడిచి కాగితం కవరులో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో పెడితే తేమకి రెండ్రోజుల్లో బూజు పట్టేస్తుంది. కవరు మీద పెన్సిల్‌తో తేదీ, ఏ పార్కు, ఏ చెట్టు మీద దొరికింది అనేది రాయండి, అది లేని నమూనాని ఏ మ్యూజియమూ పెద్దగా పట్టించుకోదు.